ప్రాణం తీయని రసౌలీ

"పేపర్లో ఊళ్లోవాళ్లందరి తక్లీఫులూ రాస్తారు, నా ఘుట్నా గురించి రాయరా మామూ?" అని మా ఆపా కూతురు అడిగి ఏడాదవుతోంది. రెండు షరతులు పెట్టింది. పేరు రాయకూడదు. చదివినవాళ్లకి జాలి పుట్టేలా రాయకూడదు. మొదటిది సులువు. రెండోది ఎంతవరకు నిలబెట్టుకుంటానో ఆ పిల్లే చెప్పాలి.

2021 వానాకాలంలో మొదలైంది. అప్పటికి ఆమెకి ఇరవై రెండేళ్లు, కర్నూల్లో బీఈడీ చేస్తోంది. పడింది లేదు, దెబ్బ తగిలింది లేదు, ఎడమ మోకాలు వాచింది. నాలుగు రోజులుండి తగ్గింది. నెల తర్వాత మళ్లీ వాచింది. ఈసారి తగ్గలేదు. మెట్లు దిగేటప్పుడు లోపల ఏదో అడ్డుపడ్డట్టు పట్టేసేది, కాలు విదిలిస్తే వదిలేది. మా అమ్మీ చేయగలిగిందంతా చేసింది. ఎండుమిరపకాయలు తిప్పి నజర్ తీసింది, జిందా తిలిస్మాత్ రాసింది, ఉప్పు వేడిచేసి గుడ్డలో కట్టి కాపడం పెట్టింది. అబ్బా ఉన్నప్పటి నుంచీ మా ఇంటికి తెలిసిన హకీమ్ సాబ్ నాడి చూసి "వజ్‌ఉల్ మఫాసిల్" అన్నాడు. కీళ్లనొప్పి అని అర్థం. మఫ్సిల్ అంటే కీలు, మఫాసిల్ అంటే కీళ్లు. ఇక్కడ ఒక మాట చెప్పకుండా ఉండలేను. పేపరాఫీసుల్లో జిల్లా వార్తలు రాసేవాణ్ని మొఫసిల్ విలేకరి అంటారు కదా, ఆ మొఫసిల్‌కీ, ఈ మఫాసిల్‌కీ ధాతువు ఒక్కటే. విడగొట్టడం, వేరుచేయడం. ఒళ్లు విడివడే చోటు కీలు, రాజధాని నుంచి విడివడ్డ ఊరు మొఫసిల్. ఉర్దూ మీడియంలో చదివి తెలుగులో డిగ్రీ చేసినవాడికి ఇలాంటివే మిగులుతాయి, జీతం పెద్దగా మిగలదు.

హకీమ్ సాబ్ తర్వాత ఎముకల డాక్టరు. ఆయన పెద్ద సిరంజితో మోకాల్లోంచి నీరు తీశాడు. నేను పక్కనే ఉన్నాను. కీలులో నీరంటే లేత పసుపు రంగులో ఉంటుందనుకున్నాను. వచ్చింది నానబెట్టిన చింతపండు పులుసు రంగు. డాక్టరు సాబ్ కూడా ఒక్క క్షణం చూశాడు. "దెబ్బేమైనా తగిలిందా అమ్మా?" అన్నాడు. లేదంది. రక్తపరీక్షలు రాశాడు. అన్నీ మామూలుగానే వచ్చాయి. కీళ్లవాతం కాదు. ఒక్క కీలే, ఒక్క పక్కే, నెలల తరబడి వాపు. మన దేశంలో ఇలా కనబడితే డాక్టరు మనసు మొదట టీబీ మీదికే వెళ్తుంది. అందులో తప్పు పట్టడానికి లేదు, మనకి టీబీ అంత ఉంది మరి. తప్పు పట్టాల్సింది, లోపలి ముక్క తీసి పరీక్షకి పంపకుండానే టీబీ మందులు మొదలుపెట్టడాన్ని. ఆ డాక్టరు పేరూ, ఆసుపత్రి పేరూ ఇక్కడ అక్కర్లేదు. ఆరు నెలలు ఆ పిల్ల ఎర్రమందు మింగింది. మూత్రం నారింజ రంగులోకి మారింది, అన్నం సయించలేదు, మోకాలు మాత్రం తగ్గలేదు. ఆపా రోజూ ఫజర్ తర్వాత నీళ్ల మీద దువా చదివి ఊదేది. పిల్ల ఆ నీళ్లతోనే మాత్రలు మింగేది.

2022లో హైదరాబాదు తీసుకెళ్లాం. తెల్లవారకముందే రైలెక్కి కాచిగూడలో దిగాం. అక్కడి సర్జన్ ఎంఆర్‌ఐ తీయించి, ఫిల్ము లైటుకి ఆనించి, మోకాలి చుట్టూ ఉన్న నల్లటి మచ్చల మీద పెన్ను పెట్టాడు. "ఇది ఇనుము" అన్నాడు.

"మోకాల్లో ఇనుమా?" అన్నాడు దూలాభాయి. ఆయన మోటారు మెకానిక్కు. ఇనుము మాటొస్తే ఊరుకోడు.

లోపల చిన్న చిన్నగా రక్తం కారుతూ ఉంటే ఆ రక్తంలోని ఇనుము కీలు పొరలో పేరుకుంటుంది. హీమోసిడరిన్ అంటారు. ఎంఆర్‌ఐలో అది నల్లగా పడుతుంది. సిరంజిలో వచ్చిన చింతపండు రంగు అదే. ఆరు నెలల కిందట ఆ రంగు చెప్పిన మాట వినడానికి ఎవరూ ఆగలేదు. ముక్క తీసి పరీక్షకి పంపారు. పది రోజుల తర్వాత వచ్చిన కాగితం మీద "టీనోసైనోవియల్ జెయింట్ సెల్ ట్యూమర్, డిఫ్యూజ్ టైప్" అని ఉంది.

ట్యూమర్ అన్న మాట దగ్గరే ఆపా చదవడం ఆగిపోయింది. దూలాభాయి నా చెయ్యి పట్టుకుని "క్యాన్సర్ తో నై నా?" అని మూడుసార్లు అడిగాడు. కాదని సర్జన్ చెప్పాడు. బినైన్ అన్నాడు. ఆ రాత్రి కర్నూలు చేరేసరికి అమ్మీ సేమియా వండి, ఇరుగుపొరుగు ఇళ్లకి పంచి, రెండు రకాతుల షుక్రానా నమాజ్ కూడా చదివేసింది. అంతటి షుక్ర్‌కి తగిన కబురే అది. కానీ ఆ కబురులో సగమే మాకు చేరింది. మిగిలిన సగం ఆ రెండో కాగితంలో ఉంది.

ముక్కని సూక్ష్మదర్శిని కింద పెట్టాక దాని మీద కొన్ని రంగుల పరీక్షలు చేస్తారు. ఏ కణం ఒంటి మీద ఏ ప్రొటీన్ ఉందో అవి చూపిస్తాయి. మా కాగితంలో సీడీ-68 పాజిటివ్, సీడీ-163 పాజిటివ్, క్లస్టెరిన్ కొన్ని కణాల్లో పాజిటివ్, ఎస్-100 నెగెటివ్ అని వరసగా ఉన్నాయి. చివర్లో కేఐ-67 తక్కువ. ఇంట్లో ఎవరికీ అర్థం కాలేదు. నేను విలేకరిని, అర్థం కానిదాన్ని అలా వదిలేస్తే నిద్రపట్టదు. పాథాలజీ డాక్టరమ్మ దగ్గర అపాయింట్‌మెంట్ తీసుకుని వెళ్లాను. రోగుల బంధువులు తన గదికి రావడం అరుదని ఆమె ఆశ్చర్యపోయింది. తెలుగులో, మధ్యలో హైదరాబాదీలో, గంటసేపు చెప్పింది.

మోకాలి కీలు లోపల పల్చటి పొర ఒకటి ఉంటుంది. సైనోవియం అంటారు. కీలుకి కావలసిన జిగట నీటిని అదే తయారు చేస్తుంది. దూలాభాయి భాషలో చెప్పాలంటే గ్రీజు పెట్టే పొర. ఈ జబ్బులో ఆ పొరలోని కొద్దిపాటి కణాల్లో క్రోమోజోములు తెగి అతుక్కుంటాయి. ఒకటో నంబరు క్రోమోజోము ముక్క రెండో నంబరు మీదికి వెళ్తుంది. ఒకటో దాని మీద సీఎస్‌ఎఫ్-1 అనే ప్రొటీన్‌ని తయారు చేసే జీన్ ఉంది. అది వెళ్లి కొలాజెన్ జీన్ పక్కన అతుక్కునేసరికి అదుపు తప్పుతుంది. సీఎస్‌ఎఫ్-1 కట్టలు తెంచుకుని పుడుతుంది.

ఆ ప్రొటీన్ పనేమిటంటే పిలవడం. మాక్రోఫేజ్‌లనే కణాల ఒంటి మీద ఈ ప్రొటీన్‌ని అందుకునే గ్రాహకం ఉంటుంది. పిలుపు అందగానే అవి వచ్చేస్తాయి. వచ్చి, తిని, పెరిగి, ఒకదానితో ఒకటి కలిసిపోయి పెద్ద కణాలవుతాయి. పేరులోని జెయింట్ సెల్ అంటే అవే. సీడీ-68, సీడీ-163 ఈ వచ్చిన అతిథుల గుర్తులు. క్లస్టెరిన్ పిలిచిన ఇంటివాళ్ల గుర్తు. 2006లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు లెక్క చూస్తే, గడ్డలో నిజంగా జీన్ తెగిన కణాలు నూటికి రెండు నుంచి పదహారు దాకానే ఉన్నాయట. మిగతా అంతా పిలిస్తే వచ్చిన జనం.

ఇంటికొచ్చి ఆపాకి ఇలా చెప్పాను. "వలీమా అనుకో. ఇంటివాళ్లు పదిమందే. కార్డులు మాత్రం లెక్క లేకుండా పంచారు. ఊరు ఊరంతా వచ్చి కూర్చుంది. మనకి కనబడే గుంపు అతిథులదే. కార్డులు అచ్చేస్తున్న యంత్రం ఆగనంత కాలం జనం వస్తూనే ఉంటారు."

"మరి అంతమందికీ ఖానా ఎక్కణ్నుంచి పెడతారు?" అంది ఆపా.

అసలు సంగతి అక్కడే ఉంది. ఆ ఖానా మోకాలే.

మన ఒంట్లో ఎముక ఎప్పుడూ ఒక పక్క అరుగుతూ, ఒక పక్క కట్టుకుంటూ ఉంటుంది. అరిగించే కణాల పేరు ఆస్టియోక్లాస్టులు. అవి తయారు కావాలంటే రెండు ప్రొటీన్లు కావాలి. ఒకటి ఈ సీఎస్‌ఎఫ్-1, రెండోది ర్యాంక్-ఎల్. గడ్డలో రెండూ దొరుకుతాయి. అంటే మాక్రోఫేజ్‌గా వచ్చిన అతిథి అక్కడే ఎముక తినేవాడిగా మారిపోవడానికి సరంజామా అంతా సిద్ధంగా ఉంది. ఎక్స్‌రేలో తొడ ఎముక చివర, కీలు అంచున, చెదపురుగు తిన్నట్టు చిన్న గుంటలు కనబడేది అందుకే. ఇక మెత్తటి ఎముక సంగతి. రెండు ఎముకలూ రాసుకోకుండా మధ్యన తెల్లగా, నున్నగా ఉండేది. దాన్ని కొలాజెన్ దారాలతో నేసినట్టు ఉంటుంది. గడ్డ లోంచి ఎంఎంపీలనే ఎంజైములు ఊరుతాయి, కొలాజెన్‌ని కత్తిరించడం వాటి పని. కారిన రక్తంలోని ఇనుము పొరని ఇంకా రేపుతుంది. మెత్తటి ఎముకకి రక్తనాళాలు లేవు. కాబట్టి పోయింది మళ్లీ పూడదు. వేలు తెగితే అతుక్కుంటుంది, ఇది అతుక్కోదు.

నేనిది చెబుతుంటే దూలాభాయి చేతిలోని టీ చల్లారిపోయింది. "గ్రీజు పెట్టాల్సిన సీలే బేరింగ్‌ని తింటే బండి ఎన్నాళ్లు నడుస్తది?" అన్నాడు. అంతకంటే బాగా ఏ డాక్టరూ నాకు చెప్పలేదు.

ఇదంతా తెలిశాక నాకు బినైన్ అన్న మాట మీద పేచీ మొదలైంది. తెలుగు పత్రికల్లో దాన్ని నిరపాయకర కణితి అని రాస్తారు. అపాయం లేనిదని. డెస్కు మీద కూర్చున్న కుర్రాడికి అంతకంటే దొరకదు, నిఘంటువులో అదే ఉంది. ఉర్దూ అఖ్బార్లలో రెండు మాటలు చూస్తాను. ఒకటి బే-జరర్ రసౌలీ, హాని లేనిది. ఇది నిరపాయకరానికి సొంత అన్న. రెండోది గైర్-మొహ్లిక్, ప్రాణం తీయనిది. ఈ రెండో మాట నిజాయితీ గలది. అది చెప్పేది ఒక్కటే: ఇది ఒంట్లో వేరే చోటికి పాకి మనిషిని చంపే రకం కాదు. అంతవరకే. మోకాలుని వదిలేస్తానని అది మాటివ్వలేదు. నిరపాయకరం అని విన్న కుటుంబం సేమియా పంచి, ఆపరేషన్‌ని పండక్కి, పండగ నుంచి పరీక్షలకి వాయిదా వేస్తుంది. మేమూ మూడు నెలలు వేశాం. దూలాభాయికి డబ్బు సర్దుబాటు కావాలి, పిల్లకి బీఈడీ పరీక్షలు. ప్రాణం తీయని కణితి అని రాస్తే చదివినవాడు "మరి ఏం తీస్తుంది?" అని అడుగుతాడు. ఆ ప్రశ్న పుట్టాలి.

పేరు గురించే ఇంకో ముచ్చట. ఈ జబ్బుకి ఇంతకుముందున్న పేరు పిగ్మెంటెడ్ విల్లోనాడ్యులార్ సైనోవైటిస్. 1941లో జాఫీ, లిక్టెన్‌స్టైన్, సూట్రో అనే ముగ్గురు అమెరికా డాక్టర్లు పెట్టారు. చివర్లో ఐటిస్ ఉందంటే వాపు జబ్బని అర్థం. వాళ్లు దాన్ని ట్యూమర్ అనుకోలేదు. దశాబ్దాలు అదే వాదన నడిచింది, వాపా, కణితా అని. జీన్ తెగిన సంగతి బయటపడ్డాక కణితి పక్షం గెలిచింది. కానీ అందులో ఉన్న కణాల్లో ఎక్కువ భాగం వాపులో కనబడేవే కాబట్టి ఓడినవాళ్లదీ పూర్తిగా తప్పు కాదు. ఇప్పటికీ చాలామంది డాక్టర్లు పాత పేరే వాడతారు. రిపోర్టులో ఒక పేరు, చీటీ మీద ఇంకో పేరు చూసి రెండు జబ్బులనుకుని కంగారుపడకండి. వేలి మీద చిన్న గడ్డలా వచ్చే రకం ఎక్కువమందికి వస్తుంది, తీసేస్తే చాలావరకు పోతుంది. కీలంతా పాకే రకం అరుదు. నెదర్లాండ్స్‌లో లెక్క తీస్తే ఏటా పది లక్షల మందిలో ఐదుగురికి వచ్చింది. ఎక్కువగా మోకాలికే వస్తుంది, ఎక్కువగా పడుచు వయసులో, నడివయసులో.

ఆపరేషన్ 2022 చివర్లో అయింది. ముందువైపు చిన్న రంధ్రాల్లోంచి కెమెరా పెట్టి, వెనకవైపు కోసి, పొరని గీకేశారు. బయటికి తీసినదాన్ని డబ్బాలో చూపించారు. తుప్పు రంగులో, గడ్డం వెంట్రుకల్లా పీచు పీచుగా ఉంది. దూలాభాయి చూశాడు, ఆపా చూడనంది.

తర్వాతి మూడు నెలలు ఫిజియోథెరపీ. మోకాలు తొంభై డిగ్రీలు వంగడానికే నెల పట్టింది. మనవాళ్లకి తొంభై డిగ్రీలు చాలవు. కుర్చీ మీద బతికే కొలత అది. దస్తర్‌ఖాన్ దగ్గర కూర్చోవాలన్నా, అత్తహియాత్‌కి కూర్చోవాలన్నా, సజ్దాలోంచి లేవాలన్నా ఇంకా వంగాలి. ఆ పిల్ల ఏడేళ్లప్పటి నుంచీ నానీ పక్కన జానమాజ్ పరిచి నమాజ్ చదివింది. ఇప్పుడు ప్లాస్టిక్ కుర్చీ. మజహబ్‌లో దీనికి రుఖ్సత్ ఉంది, కూర్చుని చదవొచ్చు, కూర్చోలేకపోతే పడుకుని చదవొచ్చు, అందులో గునాహ్ లేదు. అమ్మీ అదే చెప్పింది. పిల్ల తల ఊపింది. కానీ మొదటి ఈద్ రోజు ఇంట్లో ఆడవాళ్లంతా వరసగా సజ్దాలోకి వెళ్తే, తానొక్కతే వెనక కుర్చీలో అందరి వీపులూ చూస్తూ ఉండిపోయానని నాకు తర్వాత చెప్పింది. జాలి వద్దంది కదా. నేనేమీ కలపడం లేదు, ఆమె చెప్పింది చెప్పినట్టు రాశాను.

2024లో మోకాలు మళ్లీ నిండింది.

కీలంతా పాకిన రకంలో ఇది తిరిగి రావడం ఎక్కువే, కొన్ని లెక్కల్లో సగం మందికి పైగా తిరిగొచ్చింది. కారణం మీకీపాటికి అర్థమయ్యే ఉంటుంది. అతిథులని ఎంతమందిని బయటికి పంపినా, కార్డులు పంచే ఇంటివాళ్లు నలుగురు ఏ మూలనో, స్నాయువుల వెనకో మిగిలిపోతే చాలు. కొత్త ఎంఆర్‌ఐలో ఎముకలో గుంట ఒకటి పెద్దదైంది. మళ్లీ గీకితే కీలు బిగుసుకుపోతుందేమోనని సర్జన్ సందేహించాడు. కీలు మార్చేద్దామంటే పాతికేళ్ల పిల్ల. పెట్టిన కీలూ అరిగిపోయేదే, బతుకులో రెండు మూడుసార్లు మార్చాల్సి రావచ్చు. అప్పుడు మాట మందుల మీదికి మళ్లింది.

కార్డులు అచ్చయినా అతిథికి అందకుండా చేస్తే? ఈ మందుల ఆలోచన అదే. మాక్రోఫేజ్ మీది గ్రాహకాన్ని మూసేయడం. అలాంటి పెక్సిడార్టినిబ్‌కి 2019 ఆగస్టులో అమెరికా ఔషధ సంస్థ అనుమతిచ్చింది. పరీక్షలో ఆరు నెలల దగ్గర నూటికి 39 మందికి గడ్డ చెప్పుకోదగ్గంత తగ్గింది, ఉత్త మాత్ర వేసుకున్నవాళ్లలో ఒక్కరికీ తగ్గలేదు. కానీ అది కాలేయాన్ని దెబ్బతీయగలదని గట్టి హెచ్చరికతో ఇచ్చారు. 2020లో యూరప్ అనుమతి నిరాకరించింది. ప్రాణం తీయని జబ్బుకి ప్రాణం మీదికి తెచ్చే మందు ఎంతవరకు ఇవ్వొచ్చన్నది అక్కడి తకరారు. 2025 ఫిబ్రవరిలో విమ్‌సెల్టినిబ్ అనే ఇంకోదానికి అమెరికాలో అనుమతి వచ్చింది. కర్నూల్లో మెడికల్ షాపువాణ్ని అడిగితే ఈ రెండు పేర్లనీ రాసిమ్మన్నాడు, రాసిస్తే కాగితం తిరిగిచ్చాడు.

మాకు దొరికింది ఇమాటినిబ్. రక్తపు క్యాన్సర్ మందుగా దీని పేరు వినే ఉంటారు. ఇదీ ఆ గ్రాహకాన్ని కొంతవరకు మూస్తుంది. ఈ జబ్బులో వాడి 2012లో ప్రకటించిన లెక్కల్లో దాదాపు ఐదుగురిలో ఒకరికి గడ్డ చిక్కింది, చాలామందికి నొప్పీ, వాపూ తగ్గాయి. గొప్ప లెక్కేమీ కాదు, కానీ అందుబాటులో ఉంది. అందుబాటులో ఎందుకుందో తెలుసా? దాని మీద పేటెంటు కోసం నోవార్టిస్ కంపెనీ సుప్రీంకోర్టు దాకా వెళ్లింది, 2013 ఏప్రిల్ 1న కోర్టు కుదరదంది. ఆ కేసులో అవతలి పక్షాల్లో మన హైదరాబాదు నాట్కో ఒకటి. ఆ తీర్పు వార్త వచ్చిన రోజు డెస్కులో దాన్ని బిజినెస్ పేజీకి పంపాలా, మొదటి పేజీకి పంపాలా అని చర్చ జరిగింది. ఆ వార్త ఒకరోజు మా ఆపా ఇంటి ఫ్రిజ్ మీద మాత్రల డబ్బాగా కూర్చుంటుందని ఎవరనుకున్నారు?

రోజుకి ఒక్క మాత్ర, కడుపునిండా తిన్నాక, పెద్ద గ్లాసు నీళ్లతో. రంజాన్‌లో డాక్టర్ని అడిగి ఇఫ్తార్ తర్వాతకి మార్చుకుంది. కళ్ల కింద ఉబ్బు వచ్చింది, రాత్రిళ్లు పిక్కలు పట్టేస్తాయి. సుర్మా పెడితే ఉబ్బు ఇంకా కనబడుతోందని మానేసింది. మోకాలు మాత్రం మెత్తబడింది.

ఇక రిష్తా సంగతి. దీన్ని రాయొద్దని ఆపా, రాయమని పిల్ల. పోయిన ఏడాది ఆదోని నుంచి పైగామ్ వచ్చింది. అబ్బాయికి ఉద్యోగం ఉంది, ఖాందాన్ మంచిదే. ఆపా ముందే ఒక మాట తయారు చేసుకుంది: "కాలేజీ మెట్ల మీద జారి పడింది, చిన్న ఆపరేషన్ అయింది." ఇందులో మా ఆపాని నిందించేవాళ్లు ముందు ఒక ఆడపిల్లకి తల్లయి చూడాలి. మన మొహల్లాల్లో రసౌలీ అన్న మాట ఒక్కసారి బయటికి వెళ్తే అది ఆ పిల్ల తర్వాత పిల్లకి కూడా అంటుకుంటుంది. కానీ ఈ జబ్బు వంశపారంపర్యం కాదు. ఆ జీన్ తెగేది మోకాలి పొరలోని కణాల్లోనే, పుట్టుకతో వచ్చిందీ కాదు, పిల్లలకి వెళ్లేదీ కాదు. ఇది నేను ఆపాకి పదిసార్లు చెప్పాను.

అబ్బాయి తల్లి అడిగింది, "బేటీ కింద ఎందుకు కూర్చోలేదు?" అని. ఆపా నోరు తెరిచేలోపే పిల్ల చెప్పేసింది. గడ్డ వచ్చింది, తీశారు, మళ్లీ వచ్చింది, మందు వాడుతున్నాను అని. పిల్లల సంగతీ తానే ఎత్తింది. ఈ మాత్ర వాడుతుండగా గర్భం రాకూడదు, కడుపులో బిడ్డకి ప్రమాదం. పిల్లలు కావాలనుకుంటే ముందు డాక్టర్ని అడిగి మందు ఆపాలి. ఆపితే మోకాలు ఊరుకుంటుందన్న హామీ లేదు. ఇవన్నీ డాక్టరు ఆమెకి విడిగా కూర్చోబెట్టి చెప్పినవే. గదిలో ఎవరూ మాట్లాడలేదు. చాయ్ తాగి, బిస్కెట్ ముట్టకుండా లేచారు. నాలుగు రోజుల తర్వాత మధ్యవర్తి ఫోన్. రిష్తా వద్దనలేదు. అనుకున్నదాని మీద ఐదు తులాల బంగారం, ఒక బండి అడిగారు. మోకాలికి వెల కట్టారన్నమాట.

దూలాభాయి లెక్కలు వేయడం మొదలుపెట్టాడు, నేను చూశాను. షెడ్డు అమ్మితే ఎంతొస్తుందని. కాగితం మీది ఆ అంకెల్ని పిల్ల కూడా చూసింది. "అబ్బా, ఈ పైసలతో ఎన్నిసార్లు ఎంఆర్‌ఐ తీయించుకోవచ్చో తెలుసా?" అని నవ్వింది. ఆ కాగితం మడిచి తన రిపోర్టుల ఫైల్లో పెట్టుకుంది. మధ్యవర్తికి ఇవతలి నుంచే వద్దని చెప్పించారు. ఆపా రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. మూడో రోజు పిల్లకి టిఫిన్ డబ్బా కడుతూ కనబడింది.

ఇప్పుడామె ఒక ప్రైవేటు స్కూల్లో ఐదో తరగతికి ఉర్దూ, తెలుగు చెబుతోంది. హెడ్‌మాస్టర్ని అడిగి క్లాసు కింది అంతస్తుకి మార్పించుకుంది. అడగడానికి సిగ్గుపడలేదు. చివరి ఎంఆర్‌ఐలో గడ్డ కాస్త తగ్గింది. ఎముకలోని గుంట అలాగే ఉంది, పెరగలేదు. మెత్తటి ఎముక ఒకచోట పల్చబడిందని రాశారు. మందు ఇంకా ఎన్నాళ్లని అడిగితే, మోకాలూ కాలేయం పరీక్షలూ చూసుకుంటూ పోదాం అన్నాడు డాక్టరు. మోకాలు ఇప్పుడు నూట పది డిగ్రీలు వంగుతోంది. అత్తహియాత్‌కి ఇంకా చాలదు.

ఒక్క కీలు కారణం లేకుండా నెలల తరబడి వాస్తూ ఉంటే, తీసిన నీరు తుప్పు రంగులో వస్తే, టీబీ మందు మొదలుపెట్టే ముందు ఎంఆర్‌ఐ, ముక్క పరీక్ష అడగండి. టీబీ గడ్డలోనూ పెద్ద కణాలుంటాయి, అవి వేరే రకం. రెంటికీ తేడా చెప్పగలిగింది సూక్ష్మదర్శిని ముందు కూర్చున్న మనిషే. ఈ మాట తప్పకుండా రాయమంది పిల్ల.

వచ్చే నెల మళ్లీ హైదరాబాదు వెళ్లాలి. టికెట్లు తీశాను. ఎడమ కాలు చాపుకోవడానికి వీలుగా ఆమెకి నడవ పక్క సీటు దొరికింది.